పటం ఐలయ్య నోట్‌బుక్కు కోసం మూడు రోజులు

ప్రయాణమంటే గుడో గుట్టో చూసి రావడం అనుకునేవాళ్లు ఈ పేజీలు దాటేయవచ్చు. నేను ఒక నోట్‌బుక్కు కోసం పోయాను. రెండు వందల పేజీల పొడుగు నోట్‌బుక్కు, నల్ల అట్ట, ఒక మూల ఎలుక కొరికింది. దానికోసం మూడు రోజులు బస్సులెక్కి దిగాను. ఎందుకు పోయానో ముందే చెప్తాను, లేకపోతే ముసల్దానికి పని లేదనుకుంటారు.

హనుమకొండలో ఒక దవాఖానలో ముప్పై ఏళ్లు ఆయాగా పనిచేశాను. యాభై మూడో ఏడు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. మందు సీసాలను రంగును బట్టి గుర్తుపట్టేదాన్ని. మా చర్చిలో ఆదివారం మధ్యాహ్నాలు పాస్టరమ్మ ఆడవాళ్లకు పలక పట్టించింది. నేను గుణింతాలు కూడబలుక్కుంటున్న ఆ రోజుల్లోనే మగవాళ్ల వార్డుకు తుంటి విరిగిన ఒక ముసలాయన వచ్చాడు. పేరు ఐలయ్య. రంగు బొమ్మలు వేసిన పొడుగాటి గుడ్డను వేలాడదీసి, ఒక్కో బొమ్మనూ కట్టెతో చూపిస్తూ ఊరూరా కథ చెప్పే మనిషి. ఆ గుడ్డను పటం అంటారు, అందుకే ఆయనను పటం ఐలయ్య అనేవాళ్లు. కాలికి బరువులు కట్టి మూడు నెలలు పడుకోబెట్టారు. కథ చెప్పక నోరు దురద పెట్టిందేమో, ఒకరోజు నన్ను పిలిచాడు.

"చెల్లే, నీకు రాసుడు నేర్సుకోవాల్నని ఉన్నది. నాకు చెప్పాల్నని ఉన్నది. ఇద్దరి రోగం ఒక్క మందుతోని పోతది. ఓ బుక్కు తీస్కరారాదు."

అట్లా మొదలైంది. ఎడమ పేజీ నాది, కుడి పేజీ ఆయనది. ఆయన చెప్పిన ముక్క నేను రాసేదాన్ని, ఎదురు పేజీలో ఆయన దానికి బొమ్మ వేసేవాడు. అగ్గిపుల్లకు దూది చుడితే అదే కుంచె. రంగులన్నీ వార్డువే. పుండ్లకు పూసే ఊదా మందు, ఎర్ర మందు, పసుప్పచ్చ మందు. సీసాలు ఇంత తొందరగా ఎట్లా అయిపోతున్నాయని సిస్టరమ్మ అరుస్తుంటే నేను నేల తుడుస్తూ ఉండేదాన్ని. తప్పు రాస్తే కొట్టేయనిచ్చేవాడు కాదు. "నోట్లెకెల్లి వచ్చిన మాటను వాపస్ తీస్కుంటమా? దాని పక్కన ఇంకోటి రాయి" అనేవాడు. నోట్‌బుక్కు ముందు పెట్టుకుని, రెండు వాక్యాలు రాసి మూడు వాక్యాలు కొట్టేసే చదువుకున్నవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ మాట గుర్తుకొస్తుంది.

డిశ్చార్జీ రోజున నోట్‌బుక్కు ఎవరిదని పంచాయితీ వచ్చింది. ఆయన గుడిసె కురుస్తుంది, నా గది మీద రేకులున్నాయి. కాబట్టి వానాకాలం నా దగ్గర, కథల కాలం ఆయన దగ్గర అనుకున్నాం. మిరుగు రోజున, అంటే మృగశిర కార్తె మొదలయ్యే నాడు, ఆయనే తెచ్చి ఇచ్చేవాడు. దీపావళి తెల్లారి వచ్చి పట్టుకుపోయేవాడు. నాలుగేళ్లు తప్పలేదు. ఐదో ఏడు మిరుగు దాటి పది రోజులైనా మనిషి లేడు. నేను అప్పటికి రిటైరయ్యాను. సంచీలో రెండు చీరలు పెట్టుకుని బయల్దేరాను.

వర్ధన్నపేట దిగి మట్టి బాట

ఖమ్మం రోడ్డు బస్సులో నేను గొడుగు విప్పుకుని కూర్చున్నాను. కండక్టరుకు అది నచ్చలేదు.

"అవ్వా, గొడుగు ముయ్యి. నువ్వు బస్సుల ఉన్నవ్, బాయి కాడ లేవు."

"మీ బస్సు రేకుకు చిల్లున్నది నాయినా. నెత్తి మీద పడ్తాంది. నువ్వొచ్చి ఈడ కూసో, నేను టికెట్లు కొడ్త."

బస్సంతా నవ్వింది, వాడు తప్ప. వర్ధన్నపేటలో దిగి యాభై పైసల చాయ తాగి, ఐలయ్య ఊరికి నడక పట్టాను. మొదటి వానకు నల్లరేగడి ఎట్లా ఉంటుందో తెలిసి కూడా గట్టి బాట వదిలి అడ్డంగా పోయాను. కుడికాలి చెప్పును నేల మింగేసింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికినా దొరకలేదు. ఒంటి చెప్పుతో పోతే నవ్వుతారని రెండోది కూడా అక్కడే విసిరేశాను.

ఐలయ్య కోడలు రాజవ్వ వాకిట్లో చేట పట్టుకుని కూర్చుంది. నన్ను చూసి లేచింది గానీ నవ్వలేదు. ఐలయ్య నన్ను చెల్లె అనేవాడు కాబట్టి వాళ్లకు నేను అత్తను.

"అన్న లేడా?" అన్నాను.

"మామ పోయి నాలుగు నెల్లాయె అత్తమ్మా."

అరుగు మీద కూలబడ్డాను. మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. "ఒక్క కార్డు ముక్క రాసి పడేయలేకపోయిన్రా?"

"ఎవలు రాయాలె? ఇంటినిండ కథ చెప్పెటోళ్లమే. రాసెటోళ్లు ఎవలున్నరు మాకు? నువ్వే ఉంటివి."

కాళ్లు కడుక్కోమని చెంబు ఇచ్చింది. జొన్న గటక, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ పెట్టింది. మా క్రైస్తవుల ఇండ్లలో చావు మాట విన్నాక ముందు ప్రార్థన, తర్వాత అన్నం. వాళ్లింట్లో ముందు అన్నం. ఆకలి మీద ఉన్నవాళ్లకు దేవుడైనా సరిగ్గా వినపడడు కాబట్టి ఈ పద్ధతే నయమనిపించింది.

తిన్నాక నోట్‌బుక్కు అడిగాను. రాజవ్వ చేట పక్కన పెట్టింది.

"అది ఈడ లేదు. మామ పానం బాగలేనప్పుడు ములుగు దిక్కు మా కథ చెప్పిచ్చుకునే ఊర్ల ఒక సారుకు ఇచ్చిండు. చదివి ఇస్తనన్నడట. మా ఆయన నిన్న పటం తీస్కొని పోయిండు. సారు కాడ బుక్కు గూడ తీస్కొని, రెండిటినీ మంగపేట కాడ గోదాట్ల కలుపుతడట."

పటం పాతబడి బొమ్మలు మాసిపోతే వాళ్లు దాన్ని మూల పడేయరు. మనిషికి చేసినట్టే పసుపు కుంకుమ పెట్టి, వండి పెట్టి, గోదావరిలో కలిపి వస్తారు. ఆ తర్వాతే కొత్త పటం విప్పాలి. మా ఇండ్లలో బైబిలు చినిగిపోతే గుడ్డలో చుట్టి పెట్టెలో దాస్తాం, పడేయడానికి ఎవరికీ చేతులు రావు. అందుకని ఆచారం నాకు అర్థమైంది. నోట్‌బుక్కు సంగతి అర్థం కాలేదు.

"కాయితం పటం ఎట్లయితది రాజవ్వా?"

"బొమ్మలున్నయి, కథ ఉన్నది. పటానికి ఇంకేం గావాలె?" అంది. "గదొక్కటే కాదులే అత్తమ్మా. ఆయన్నే అడుగు" అని చేట మళ్లీ అందుకుంది.

ములుగు దిక్కు, ఒళ్లో కోడి

తెల్లారి వెనక్కి హనుమకొండ వచ్చి, బస్టాండు బయట ఎనిమిది రూపాయలకు రబ్బరు చెప్పులు కొనుక్కుని ములుగు బస్సెక్కాను. పక్క సీట్లో ఒక లావుపాటి ఆమె కోడిపుంజును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. జాతర లేకపోయినా మేడారం పోతోందట. కొడుకుకు జ్వరం తగ్గితే వస్తానని మొక్కుకుందట. ఆ పుంజు ఆమెను వదిలి నా గాజులను పొడవడం మొదలుపెట్టింది.

"పైసలున్నోళ్లనే పొడుస్తది ఇది" అంది ఆమె.

"నీ దేవతకియ్యాల్సిన కోడి, నా చెయ్యి తినుడేంది?"

"నువ్వు మొక్కవా ఏంది అక్కా?"

"మేం చర్చికి పోతం."

"అయితే మీకు కోడి ఖర్చు లేదు, అదృష్టమంతులు" అని, మూటలోంచి రెండు సర్వపిండి ముక్కలు తీసి ఒకటి నా చేతిలో పెట్టింది. మిరపకాయ మంటకు బస్సు దిగేదాకా నా కళ్ల నీళ్లు ఆగలేదు. ఐలయ్య కోసం ఏడవని ఏడుపు కూడా దాంట్లో కలిసిపోయిందనుకుంటాను.

సారున్న ఊరు ములుగుకు ఇవతలే. స్కూలు వాకిట్లో సారు దొరికాడు. నలభై ఏళ్లుంటాయి, జేబులో రెండు పెన్నులు. నేను ఫలానా అని చెప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఆ బుక్కు రాసింది మీరా? కూసోండమ్మా, కూసోండి!" అని తన కుర్చీ తెచ్చి వేశాడు. దవాఖానలో ముప్పై ఏళ్లు కుర్చీలు తుడిచాను గానీ కూర్చోమని ఎవరూ అనలేదు. నా రాత చూసి కుర్చీ వేసిన మొదటి మనిషి ఆయనే. పొగరు రాలేదంటే అబద్ధం.

"రెండుసార్లు చదివిన. అక్షరాలు వంకరగా ఉన్నయి గాని ఏం కథనమ్మా! ఐలయ్య పోయినంక కొడుకు కొమురెల్లి వచ్చిండు కథ చెప్పనీకె. నేను బుక్కు పట్టుకొని ముంగట్నే కూసున్న. ఎక్కడికక్కడ పట్టిన."

"ఏం పట్టిన్రు సారు?"

"ఇడిసిపెట్టిన ముక్కలు! 'కొమురెల్లీ, ఇక్కడ రెండు పేజీలు పోయినయి' అన్న. 'కొమురెల్లీ, గంజి పోసిన ఆడామె ఏదిరా, ఆమెను ఎక్కడ పారేసినవ్' అన్న. వానికి చెమటలు. జనం ఒకటే నవ్వుడు!"

సారు చేతులు చరుచుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇది దాచిపెట్టి రాయవచ్చు, కానీ నవ్విన మాట నిజం. గంజి పోసిన ఆడామె మాట ఇంకొకరి నోట వినడం అంత సంతోషంగా ఉండింది నాకు. ఆమె ఆ నోట్‌బుక్కులో నాకు అన్నిటికంటే ఇష్టమైన మనిషి. కథలో వీరుడు గుర్రం మీంచి పడి తుంటి విరిగి, ఎవరూ లేని గుడిసెలో మూడు నెలలు పడి ఉంటాడు. ఒక ఆడమనిషి రోజూ వచ్చి గంజి పోసి, పేరైనా చెప్పకుండా పోతుంది. ఆ పేజీని చర్చి ఆడవాళ్లకు ఎన్నిసార్లు చదివి వినిపించానో. పాతకాలం కథల్లో కూడా మనలాంటి వాళ్లున్నారని గొప్పగా చెప్పుకున్నాను.

"బుక్కేది సారు?"

"నిన్న పొద్దున కొమురెల్లి వచ్చి తీస్కపోయిండు. మాట లేదు, ముచ్చట లేదు."

"కాపీ రాసుకోలేదా?"

"బుక్కు ఉండంగ కాపీ ఎందుకని..." అని నసిగాడు. గోదావరి సంగతి చెప్తే ముందు నమ్మలేదు. తర్వాత, "అయ్యో, వాళ్లకు విలువ తెలియదమ్మా" అన్నాడు. నేనూ తల ఊపాను. ఆయన భార్య ఉప్మా పెట్టి, వాళ్లింట్లోనే పడుకోమంది.

మంగపేట రేవు

మూడోరోజు అడవి దారి. రోడ్డు పక్కన తునికాకు కట్టలు కుప్పలుగా పడి ఉన్నాయి. వాన మీద పడుతుందని జనం హడావిడిగా లారీలకు ఎక్కిస్తున్నారు. ఏటూరునాగారంలో బస్సు గంట సేపు ఆగింది. టైరు మార్చాలని డ్రైవరు చెప్పాడు గానీ, టైరు పక్కన పడేసి హోటల్లో తీరిగ్గా చేపల పులుసుతో అన్నం తినడం నా కళ్లతో చూశాను. నాకేమో ఈ గంటలోనే నోట్‌బుక్కు నీళ్లలో పడిపోతుందేమోనని దడ. డ్రైవరు దగ్గరకు పోయి "నాయినా, చేపను ముల్లుతోని సహా మింగు, జల్ది పోదాం" అన్నాను. చెయ్యి కడిగేదాకా నా ముఖం చూడలేదు వాడు.

మంగపేటలో దిగి రేవుకు దాదాపు పరుగెత్తాను. గోదావరి ఇంకా నిండలేదు. పాయలు పాయలుగా, ఎర్రగా కొత్త నీళ్లు. ఇసుకలో మూడు రాళ్ల మీద కుండ ఉడుకుతోంది. పక్కన కొమురెల్లి గొంతుక్కూర్చున్నాడు. తెల్లగుడ్డ మీద చుట్టిన పటం, దాని మీద నల్ల అట్ట నోట్‌బుక్కు. నా పానం లేచొచ్చింది.

"వస్తవని ఎరుకే అత్తా. తిన్నవా?" అన్నాడు.

"తిండి తర్వాత. బుక్కియ్యి. మిరుగు దాటిందంటే అది నా వంతు."

"ఒప్పందం మా నాయినతోని గద. నాయిన లేడు."

"సారు చెప్పిండు, నువ్వు కథ మింగినవని జనం నవ్విన్రట. ఆ సిగ్గుకు బుక్కును ముంచుతానవా? నీ చేతకానితనానికి నా రాతేం జేసిందిరా?"

వాడు కోప్పడతాడనుకున్నాను. కుండ కింద కట్టె ఎగదోసి, మెల్లగా చెప్పాడు.

"మా నాయిన ఏ ఊర్ల కథ ఆ ఊర్ల లెక్క చెప్పేటోడు. పెండ్లయిన ఇంటి ముంగట పెండ్లి ఘట్టం పెంచుతడు. చావైన ఊర్ల ఏడుపు పెంచుతడు. ఒక్కతీరు రెండుసార్లు చెప్పంగ నేను సూడలే. దవాఖాన్ల నీకు నీ లెక్క చెప్పిండు. నువ్వది రాసి మొల కొట్టినట్టు కొట్టినవ్. ఇప్పుడు సారు ఆ మొల చూపిచ్చి, ఇక్కడ్నే ఉండాలె కథ, అటిటు జరిగితే దొంగవు అంటాండు. నూరుమంది ముంగట. 'గంజి పోసిన ఆడామె ఏదిరా' అన్నడు. పటం మీద చూపియ్యమన్నడు. ఏడ చూపియ్యాలె అత్తా?"

లేచి పటం విప్పాడు. గుడ్డ పొడుగ్గా ఇసుక మీద పరుచుకుంది. చాలాచోట్ల రంగు రాలిపోయినా బొమ్మలు ఆనవాలు పట్టవచ్చు. పుట్టుక, గుర్రం, యుద్ధం, పెండ్లి, మళ్లీ యుద్ధం. వంగి, ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాను. రెండోసారి మోకాళ్ల మీద పోతూ చూశాను. వీరుడు గుర్రం మీంచి పడనే లేదు. గుడిసె లేదు. గంజి లేదు.

తుంటి విరిగింది ఐలయ్యకు. మూడు నెలలు గంజి పోసింది నేను. ఆ మాత్రం ఐదేళ్లు నాకు తట్టలేదు. అక్షరాలు చదవడం వచ్చింది గానీ, మనిషి నన్ను సంతోషపెట్టడానికి ఒక ముక్క కల్పించాడని చదవడం రాలేదు.

"పెద్దమనుషులు కథకిచ్చే వడ్లల్ల సగం కోసిన్రు," అన్నాడు కొమురెల్లి పటం చుడుతూ. "సగం కథకు సగమే అన్నరు. ఆ ముచ్చట ఇంకో రెండూర్లకు పాకింది. సారును బుక్కు తీస్కొని రమ్మంటే అయిపాయె, పటపోడు ఎందుకు అంటాన్రు. ఎనకటి నుంచి మావే ఆ ఊర్లు."

నేను వాదించకుండా ఉండవలసింది. కానీ అంతదూరం పోయిన మనిషిని, నోరు ఊరుకోలేదు. "బొమ్మలు మీ నాయినవి, ముంచుకో. రాత నాది. నా సగం నాకియ్యి" అన్నాను.

నోట్‌బుక్కు నా ఒళ్లో పెట్టాడు. "చింపు. నీ సగం తీస్కో."

తెరిచాను. ఎడమ పేజీ నాది, కుడి పేజీ ఆయనది అనుకున్నామే గానీ, ఏ కాయితం పట్టుకున్నా ఒక దిక్కు ఆయన బొమ్మ, దాని వెనకే నా రాత. ఒకటి చింపితే రెండోది కూడా పోతుంది. అట్లాగే పట్టుకుని కూర్చున్నాను. పట్టుకుని పరుగెత్తుదామని కూడా అనిపించింది. అరవైకి దగ్గరపడిన దాన్ని ఆ ఇసుకలో ఎంత దూరం పరుగెత్తుతాను? పరుగెత్తి తెచ్చుకున్నా, ఇంకో ఏడు ఇంకో సారు అడిగితే ఇవ్వకుండా ఉంటానా? కుర్చీ వేస్తే ఇచ్చేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

నోట్‌బుక్కు వాడికే ఇచ్చాను. "కలుపు" అన్నాను.

కొమురెల్లి పేజీలు తిప్పాడు. వాడికి చదువు రాదు, బొమ్మలను బట్టి వెతికాడు. ఒకచోట ఆగి, కుట్టు దగ్గర వేలితో అదిమి, ఒక కాయితం జాగ్రత్తగా చింపాడు. ముందు వైపు గంజి గిన్నె పట్టుకున్న ఆడామె, ఊదా చీర. వెనక నా వంకర రాతలో ఆమె ముచ్చటే.

"ఇది మా పటంల లేదు. మా కథ గాదు. ఇది నీళ్లల్ల కలిపే హక్కు నాకు లేదు. తీస్కపో అత్తా."

ఆ మాటలో ఎకసెక్కెం లేదు. ఉంటే బాగుండు, తిట్టి వచ్చేదాన్ని.

పసుపు చల్లి, కొబ్బరికాయ కొట్టి, నోట్‌బుక్కును పటంలో చుట్టి, రాయి కట్టి నడుము లోతు దాకా పోయాడు. చేతులు ఖాళీగా తిరిగి వచ్చాడు. తర్వాత ఆకులో అన్నం పెట్టాడు. ఇట్లాంటి అన్నం మావాళ్లు తినరు. పాస్టరమ్మకు తెలిస్తే వారం రోజులు ప్రార్థన చేయిస్తుంది. తిన్నాను. ఉప్పు తక్కువైందని కూడా చెప్పాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కాయితం ఒళ్లో ఆరబెట్టుకున్నాను. నా చేతుల చెమటకే ఒక అంచు అలుక్కుపోయింది. తునికాకు కూలికి పోయి వస్తున్న ఒకామె తొంగి చూసింది.

"మంచిగున్నదవ్వా. ఎవలు గీసిన్రు?"

"ఒక పేషెంటు."

"ఈమె ఎవలు?"

"ఏమో తెల్వదు బిడ్డా. కథల లేదట."